ముప్పై ఆరు తునికాకులు

జూన్ 3, మంగళవారం

చంద్లాపూర్‌లో ఈ రోజు పట్టింది రక్తపింజర. రాములవ్వ ఇంటి వెనక కొట్టంలో, పత్తికట్టె మోపు కింద చుట్టుకుని ఉంది. నాలుగడుగుల పైనే. బుస కొడితే కుక్కర్ విజిల్ వేసినట్టే. వాడకట్టు సగం పారలు, గడ్డపారలు పట్టుకుని వచ్చింది. నేను సిద్దిపేట నుంచి చేరేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా రాములవ్వ కొట్టం తలుపుకు అడ్డం నిలబడిందట. ఒక్కరినీ లోపలికి పోనీయలేదట. అరవై దాటిన మనిషి.

నాకు ఫోన్ చేసింది ఆమె కొడుకు ఐలయ్య. పోయినేడు పింజర కరిచి కుడి పాదం పోగొట్టుకున్న ఐలయ్య. మంచం మీద కూర్చునే అందరినీ ఆపుతున్నాడు, చంపొద్దు, అజహరన్న వస్తున్నాడు అని.

పాము సంచిలోకి పోయాక ఎప్పటి తంతే. రాములవ్వ పసుపు బియ్యం తెచ్చి సంచి మీద చల్లింది. ఆడబిడ్డకు ఒడిబియ్యం పోసి పంపినట్టే ఆమె పాముల్ని పంపుతుంది. మళ్ళీ మా దిక్కు రాకు తల్లీ అని దానికి చెప్పి, నా వైపు తిరిగింది.

“అక్కన్నపేట గుట్టలదాక పైలంగ తీస్కపో బిడ్డా. ఆకు మర్వకు.”

ఊరికీ నాకూ ఒప్పందం అదే. మూడేళ్ళ క్రితం మొదటి పాము నాడు ఆమే పెట్టింది. ఊరు పాముల్ని చంపదు. నేను వాటిని యాభై కిలోమీటర్ల అవతల అక్కన్నపేట అడవిలో వదలాలి, వదిలినట్టు గుర్తుగా అక్కడి తునికాకు ఒకటి తెచ్చి ఆమె చేతికివ్వాలి. చంద్లాపూర్ చుట్టుపక్కల తునికి చెట్టు లేదు.

సంచి బండికి కట్టుకుని అక్కన్నపేట వైపే బయలుదేరాను. ఊరు దాటాక బండి తిప్పాను. రంగనాయకసాగర్ కట్ట కింద సర్కారు తుమ్మ పొదలున్నాయి. అక్కడ వదిలేశాను. ఐదు నిమిషాల పని. అక్కడికి ఎవరూ పోరు.

ఇది తప్పు కాదు. హైదరాబాదులో రెండు రోజుల శిక్షణలో విప్పి చెప్పారు. పామును దూరం తీసుకుపోతే దానికి నీళ్ళెక్కడో పుట్టెక్కడో తెలియక చస్తుంది, పట్టిన చోటికి కిలోమీటరు లోపే వదలాలి అని. మొదటి రోజే ఊరివాళ్ళకు ఆ మాట చెప్పాను. నవ్వి గడ్డపార తీశారు. అప్పటి నుంచి ఇట్లా.

ఆకు సంగతి సులువు. నా భార్య జీనత్ బీడీలు చేస్తుంది. బీడీ ఆకంటే తునికాకే. కట్టలో నుంచి ఒకటి లాగితే ఎవరికి తెలుస్తుంది?

జీనత్ తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవలేదు. ఉర్దూలో రాస్తే ఈ పాటికి నా బతుకు బజార్న పడేది. అందుకే ఈ పుస్తకం తెలుగులో.

పింజర పొట్ట బరువుగా ఉంది. ఎలుకను మింగి ఉంటుంది.

జూన్ 4, బుధవారం

ఆకు ఇచ్చి వచ్చాను. ముప్పై ఆరోది. రాములవ్వ దాన్ని బీడీదారంతో గుచ్చి గుమ్మానికి కట్టిన దండలో చేర్చింది. పెళ్ళి తోరణంలాగా ముప్పై ఆరు ఆకులు, అన్నీ మా ఇంటివే.

ఐలయ్య ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నాడు. పాదం పోయి ఆటో నడపడం ఆగాక అదే పని. ఆడవాళ్ళ పని చేస్తున్నాడని వాడకట్టు వాళ్ళు ఆటపట్టిస్తే, నీ పెండ్లాం కంటే సన్నగ చుడత అంటాడు. ఈ రోజు తల్లి చేతిలోని ఆకు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అక్కన్నపేట ఆకు మంచిగున్నదన్నా. అచ్చం మా కంపెనీ ఆకు లెక్కనే ఉన్నది.”

తునికాకు ఏడైనా తునికాకే గద తమ్మీ అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. దేవిక, వాడి భార్య, చాయ్ ఇచ్చింది. సగం తాగి లేచాను.

వచ్చేటప్పుడు రాములవ్వ ఎప్పటిమాటే అన్నది, నువ్వు లేకపోతే నా కొడుకు లేడని. పోయిన శ్రావణంలో కాలువ కల్వర్టు దగ్గర పింజర కరిచినప్పుడు ఐలయ్యను బండి మీద కూర్చోబెట్టుకుని సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయింది నేనే. మంత్రం వేయిద్దామన్నవాళ్ళను తోసేసి మరీ తీసుకుపోయాను. ప్రాణం దక్కింది. ఊరు నన్ను పూర్తిగా నమ్మింది ఆ రోజు నుంచే.

దాని గురించి ఇంకేమీ రాయను.

జూన్ 5, గురువారం

కర్ణాకర్ నా మోటరు వైండింగ్ షాపుకు వచ్చాడు. చంద్లాపూర్ ఉపాధి పనికి ఫీల్డ్ అసిస్టెంట్ అతనే. కాలిపోయిన మోటరు దించి, వైండింగ్ ఎప్పుడవుతుందని అడిగి, చాయ్ తాగి, పోతూ పోతూ చెప్పాడు. సోమవారం నుంచి పని కట్ట కింద అట. సర్కారు తుమ్మ కొట్టేసి మొక్కలకు గుంతలు తీయాలట. నలభై మంది, అందరూ ఆడవాళ్ళే. రాములవ్వ, దేవిక ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

“పాములేమన్న ఎల్తె నీకే ఫోన్ కొడ్త, తయారుగుండు,” అన్నాడు.

ఆ తర్వాత చుట్టిన కాయిల్ మొత్తం తప్పు చుట్టాను. విప్పి మళ్ళీ చుట్టాను. మళ్ళీ తప్పింది.

జూన్ 6, శుక్రవారం

శిక్షణలో ఇచ్చిన పుస్తకం అటకెక్కి తీశాను. రక్తపింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఇరవై నుంచి నలభై దాకా. తొలకరి వానల్లోనే. పిల్లకు కూడా పుట్టగానే విషం ఉంటుంది.

అది ఎలుకే. మింగినది ఎలుకే.

జూన్ 7, శనివారం. బక్రీద్

ఈద్గాలో వరుసలో నిలబడి అందరూ అడిగేవి అడుగుతుంటే నేను ఒక పాము కోసం దువా చేశాను. దాన్ని అక్కడి నుంచి పంపించు అల్లా, కట్ట దాటించు, కావాలంటే మా ఇంటికి పంపించు. నా పక్కన నిలబడిన ముసలాయన నా ముఖం చూసి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా బేటా అని అడిగాడు.

జీనత్ వండిన కూర పళ్ళెంలోనే వదిలేశాను. నీకు ఏమైందో చెప్పు, లేకపోతే మా అన్నను పిలుస్తాను అన్నది. షాపు పని ఎక్కువైందన్నాను.

ఐలయ్యను కరిచింది నేను వదిలిన పాము కాదు. ఆ రోజే అనుకున్నాను కదా. నేను వదిలింది కల్వర్టుకు ఇవతల. వాణ్ణి కరిచింది అవతల.

జూన్ 8, ఆదివారం

తెల్లవారుతూనే కట్ట కిందికి పోయాను. మిరుగు కార్తె, మరిచేపోయాను. చేపలకోసం జనం తిరనాళ్ళలా ఉన్నారు. మిరుగు నాడు చేప తినకపోతే ఏడాదంతా దగ్గొస్తుందని సిద్దిపేట సగం ఇక్కడే ఉంది. సంచులు, తక్కెడలు, స్కూటర్లు. ఆడవాళ్ళు చెప్పులు లేకుండా, కట్ట కింద దగ్గరిదారి అని ఆ పొదల పక్క నుంచే నడుస్తున్నారు. ఎవరూ పోరని రాసుకున్నాను నేను.

కొక్కెం కర్ర చేతిలో ఉంటే అందరూ అడుగుతారని లుంగీలో దాచుకుని దొంగలాగా వెతికాను. రెండు గంటలు. కుబుసం ముక్క కూడా దొరకలేదు. ఒకాయన నన్ను గుర్తుపట్టి, ఏందన్నా గీడ పామున్నదా అని అడిగాడు. లేదు, చేపలకొచ్చిన అన్నాను. అన్నాను కాబట్టి రెండు కిలోలు కొనాల్సి వచ్చింది.

చెప్పేస్తే? చెప్పేస్తే ఇన్నేళ్ళూ ఎక్కడ వదిలావని అడుగుతారు. ఊరు మళ్ళీ గడ్డపారలు తీస్తుంది. పక్క ఊళ్ళూ తీస్తాయి. ఎన్ని పాములు చస్తాయో. నేను ఆలోచిస్తున్నది పాముల గురించే.

అబద్ధం. నేను ఆలోచిస్తున్నది ఐలయ్య గురించి.

జూన్ 9, సోమవారం

పని మొదలైంది. అల్లా దయ, అటు చివర నుంచి మొదలుపెట్టారు. నేను వదిలిన చోటికి రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

కర్ణాకర్‌ను కలిసి, ఈ జాగలో గుంతలెందుకు, చెరువు దిక్కు చేయించరాదా అని అడిగాను. ఎందుకన్నాడు. ఇక్కడ రాయి ఎక్కువ, ఆడవాళ్ళకు కష్టం అన్నాను. ఎప్పటి నుంచి నీకు మా ఆడోళ్ళ మీద గింత పావురమాయె అని నవ్వాడు. రాములవ్వ దూరం నుంచి చెయ్యి ఊపింది. మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టుకుని ఉంది. వట్టి కాళ్ళు.

జూన్ 10, మంగళవారం

నా పొద వాళ్ళకు నూరు అడుగులుంది.

పోయిన శ్రావణంలో నేను వదలడానికీ ఐలయ్యను కరవడానికీ మధ్య పదకొండు రోజులు. పాము పదకొండు రోజుల్లో ఎంత దూరమైనా పోతుంది. కల్వర్టు ఇవతల వదిలితే అవతలికి పోవడానికి పది నిమిషాలు చాలు. ఇది రాయకూడదనుకున్నాను.

రేపు చెబుతాను.

జూన్ 11, బుధవారం

ఏడు కాకముందే పొద దగ్గరున్నాను. దారి అంచున, గడ్డపార పెట్టిన పాత గుంతలో, జానెడు పొడుగున్న పిల్ల. బూడిద రంగు మీద గొలుసు మచ్చలు, ముద్రేసినట్టు. నన్ను చూసి అంత చిన్న ప్రాణమూ తల్లిలాగే బుస కొట్టింది. రెండడుగుల అవతల ఇంకొకటి.

ఇన్నేళ్ళలో పామును చూసి భయపడటం అదే మొదలు. అటు నుంచి ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. పారలు భుజాన వేసుకుని, నవ్వుకుంటూ, నా వైపే వస్తున్నారు. అందరికంటే ముందు దేవిక.

ఎదురు పరుగెత్తాను. దేవికను దాటి వెనకాల వస్తున్న రాములవ్వ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. చెప్పాను. ఆ రోజు నీ కొట్టంలో పట్టిన పింజరను అక్కన్నపేటకు తీసుకుపోలేదవ్వా, ఇక్కడనే వదిలిన, పిల్లల్ని పెట్టింది, అన్నాను. ఏడుస్తున్నానని మాట పూర్తయ్యాక తెలిసింది.

ఆమె నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను.

“ముందు పని ఆపుదాం. నీ ఏడుపు ఎనుకకు ఏడ్సుకో.”

అంతే. కొంగు నడుముకు చుట్టి అందరికంటే ముందుకు పోయి పార అడ్డం పెట్టింది. పింజెర పిల్లలున్నయి, నేను కండ్లార జూసిన, కట్ట మీదికెక్కున్రి అని చెప్పింది. నలభై మందీ పారలు పడేసి కట్టెక్కారు. కర్ణాకర్ పరుగెత్తుకొచ్చి ఒక పిల్లను చూసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఈ వారమంతా చెరువు దిక్కు పని అని అక్కడే చెప్పేశాడు.

పింజర అక్కడికి ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. కట్ట అంటే ఉంటాయి. ఆమె కూడా చెప్పలేదు. ఆమె నాకోసం అబద్ధమాడింది.

జూన్ 12, గురువారం

నిన్నా ఈ రోజూ కలిపి పదకొండు పిల్లల్ని పట్టాను. మిగతావి ఎన్నో తెలియదు. తల్లి కనబడలేదు. పొద చుట్టూ ముళ్ళకంప వేసి ఎర్రగుడ్డ కట్టించాడు కర్ణాకర్. ముళ్ళకంప పామును ఆపుతుందా? మనుషుల్ని ఆపితే చాలు.

పదకొండింటినీ అక్కన్నపేటకు తీసుకుపోయాను. నిజంగా. మూడేళ్ళలో మొదటిసారి ఆ గుట్టలెక్కాను. అక్కడ బతుకుతాయో చస్తాయో తెలియదు. శిక్షణలో చెప్పినదాన్ని మూడేళ్ళు పట్టుకున్నవాణ్ణి, భయమేసేసరికి దాన్నీ వదిలేశాను. రాళ్ళ మధ్య పిల్లలు విడిపోతుంటే నిలబడి చూశాను. దారిలో తునికి చెట్టు కనబడింది. ఒక ఆకు తెంపాను. ఆకుపచ్చగా, మందంగా, కాడ నుంచి జిగురు. మా ఇంట్లో ఉండేవి ఇట్లా ఉండవు.

జూన్ 13, శుక్రవారం

ఆకు ఇచ్చాను. రాములవ్వ దాన్ని మడిచి చూసింది, వాసన చూసింది.

“గిది అసలుది,” అన్నది.

అప్పుడు తెలిసింది. మిగతా వాటి సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

ముప్పై ఏళ్ళు బీడీలు చేసిన మనిషికి చెట్టు నుంచి తెంపిన ఆకేదో కంపెనీ కట్టలో ఎండిన ఆకేదో తెలియకుండా ఉంటుందా? నేనెంత వెర్రివాణ్ణి. ఎందుకు అడగలేదవ్వా అన్నాను. చెప్పింది, గుమ్మం మీద కూర్చుని, దండ వైపు చూస్తూ. యాభై కిలోమీటర్లు పోయి రావడం కష్టమై ఏ పదిహేను కిలోమీటర్ల దగ్గరో అడవి అంచున వదిలేస్తున్నావనుకున్నదట. పాము చావలేదు, ఊరికి దూరమైంది, పోరగాడు రోడ్డు మీద తిప్పలు పడలేదు, అనుకున్నదట. అట్లా అని ఊరివాళ్ళకు చెప్పలేదట.

“ఊర్లెనే అనుకోలె కొడుకా,” అన్నది.

దండ తెంపి ఒళ్ళో పోసుకుంది. రేపు రమ్మన్నది, ఎన్ని ఆకులుంటే అన్ని జాగలు చూపెట్టాలని.

జూన్ 14, శనివారం

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టాం. నేను ముందు, ఆమె వెనక, కొంగులో ఆకులు.

ఒక్కో చోట ఆగుతాను. ఏ పాము, ఏ నెల చెబుతాను. ఆమె ఒక ఆకు తీసి నేల మీద పెట్టి పైన రాయి పెడుతుంది. బడి ప్రహరీ వెనక నాగుపాము. పాత బావి గోడలో రెండు జెర్రిపోతులు. స్మశానం దారిలో కట్లపాము. ముదిగొండ వాళ్ళ చెలకగట్టు. పోచమ్మ గుడి వెనక రాళ్ళు. ఇవన్నీ నేను ఎవరూ పోరనుకున్న చోట్లు. ప్రతి చోటా ఆమె, ఇక్కడికి ఎవరొస్తారో చెప్పింది. బడి వెనకకు పిల్లలు బంతికోసం పోతారు. పాత బావి దగ్గర సాకలి వాళ్ళు బట్టలు ఆరేస్తారు. స్మశానం దారిన మేకలొస్తాయి. ఊరంతా ఆమె కాళ్ళకు తెలుసు. నాకు బండి మీద నుంచి కనబడింది మాత్రమే తెలుసు.

ముప్పై నాలుగు ఆకులయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముప్పై ఐదు కట్ట కింద, ముళ్ళకంప పక్కన. అదే కొత్త పింజరది. కొంగులో ఒకటి మిగిలింది.

అయిపోయాయి అవ్వా, ఒకటి నేను రెండుసార్లు ఇచ్చి ఉంటాను అన్నాను. మూడేళ్ళలో ఆ ముసలామె ముందు నేనాడిన అన్నింటికంటే నీచమైన అబద్ధం అది.

ఆమె ఆ ఆకు పట్టుకుని నడిచింది. కాలువ వెంబడి. నేను వెనక. కల్వర్టు దగ్గర ఆగింది. ఐలయ్య ఆ రోజు ఆటో ఆపి మూత్రానికి దిగిన చోట.

“గీడ గూడనా?”

తల ఊపాను.

“ఏం పాము?”

పింజరని చెప్పాను.

“వాన్ని కర్సినదానికి ఎన్నొద్దుల ముందట?”

“పదకొండు రోజులు.”

ఆమె కల్వర్టు గోడ మీద కూర్చుంది. కూలిపోతుందేమోనని పట్టుకోబోయాను, చెయ్యి విదిలించింది. నీళ్ళ వైపు చూసింది. ఏడవలేదు. అది కంపెనీ ఆకని తెలిసినాడే అడిగి ఉంటే వాని కాలుంటుండె అని తనతో తాను అన్నది, రెండుసార్లు. నీ తప్పేముందవ్వా అనడానికి నోరు తెరిచాను. అనే హక్కు నాకు లేదని మూసుకున్నాను.

లేచి, ఆ ఆకును నేల మీద పెట్టలేదు. నా చొక్కా జేబులో పెట్టింది.

“గిది వానిది. నువ్వే ఇయ్యాలె. నేను చెప్ప.”

జూన్ 15, ఆదివారం

బండి రెండుసార్లు చంద్లాపూర్ దాకా పోయి తిరిగొచ్చింది. నన్ను ఏమైనా చేస్తారని కాదు. కొడితే పడతాను. వాడు నన్ను అన్నా అని పిలవడం ఇక వినబడదని.

జూన్ 16, సోమవారం

చెప్పాను.

దేవిక పనికి పోయింది. రాములవ్వ నన్ను చూసి, వాకిట్లో కూర్చున్నదల్లా లేచి కొట్టంలోకి పోయింది. ఐలయ్య ఒళ్ళో చాట, చేతిలో కత్తెర. ఆకును కొలత పెట్టి కత్తిరిస్తున్నాడు. నేను జేబులోని ఆకు తీసి చాటలో పెట్టాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. శ్రావణంలో నీ కాలు తిన్న పాము నేను వదిలినదే తమ్మీ. ఆ పదకొండు రోజులూ నేను రోజూ ఆ దారినే పోయిన. నువ్వు ఆటో ఆపే జాగ అని నాకెరుకే. చెప్పలె. అక్కన్నపేటకు తీస్కపోయినని చెప్పుకున్న గద, అది అబద్ధమని తెలిసిపోతదని చెప్పలె.

చివరి మాట ఇంతకుముందు ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. బండి మీద పోతూ పోతూ రెండుసార్లు అక్కడ వాడి ఆటో చూశాను. చెయ్యి ఊపి పోయాను.

ఐలయ్య ఇంకో రెండు బీడీలు చుట్టాడు. దారం కట్టాడు. మూడోదానికి ఆకు తీసి ఆగాడు. తలెత్తకుండా అడిగాడు, కట్ట మీద నలభై మంది ఉన్నారట కదా, అవ్వ చెప్పింది, వాళ్ళ దగ్గరికి పరుగెత్తి పోయి చెప్పావట కదా అని. అవునన్నాను.

“నలభై మందయ్యేదాక ఆగినవా అన్నా?”

అప్పుడు వాడొక్కడు. ఒక్కడికోసం ఒప్పందం పాడుచేసుకోవాలా అనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడే తెలుస్తోంది.

పొమ్మనలేదు. ఉండమనలేదు. నేనే వచ్చేశాను. ఇంట్లో జీనత్‌కు కూడా చెప్పాను, మొత్తం. ఆకుల కట్ట దగ్గర కూర్చుని విన్నది. నా ఆకులా, అని ఒక్కమాట అన్నది. తర్వాత కట్టను తీసి తన వెనక పెట్టుకుంది.

జూన్ 20, శుక్రవారం

చంద్లాపూర్ నుంచి ఫోన్ లేదు. పాములు రాలేదా, వస్తే చంపేశారా? ఫోన్ మోగితే భయం. మోగకపోయినా అంతే. కర్ణాకర్ మోటరు తీసుకుపోవడానికి వచ్చాడు. ఊర్లో అందరికీ తెలిసిపోయిందా అని అడగలేక, వానలు పడుతున్నాయా అని అడిగాను. పడుతున్నాయన్నాడు. నా కళ్ళలోకి చూడలేదు.

ఆ తల్లి పింజర ఇంకా కట్ట కిందే ఉంది. పిల్లలూ.

జూన్ 24, మంగళవారం

పదకొండు గంటలకు ఫోన్ మోగింది. ఐలయ్య. అంగన్వాడీ వంటగదిలో నాగుపాము, చంపకుండా ఆపినం, రా అన్నాడు. ఎందుకు ఆపారని అడగలేదు.

పోయాను. పట్టాను. జనం దూరంగా నిలబడ్డారు. రాములవ్వ లేదు, పసుపు బియ్యం లేదు. సంచి ముడి వేసి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఐలయ్య కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. దవాఖానలో ఇచ్చిన కృత్రిమ పాదం పెట్టుకోలేదు, కుడి కాలి మొండికి గుడ్డ చుట్టి ఉంది.

“నన్నెక్కించుకో. సంచి నాకియ్యి,” అన్నాడు.

ఇచ్చాను. వాడు ఎక్కి సంచిని ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని బుస నా వీపుకు తగులుతోంది. అద్దంలో వాడి ముఖం కనబడుతోంది, కళ్ళు సంచి మీదే. ముడి విప్పి నా మీద వేస్తాడా అని ఒకసారి అనుకున్నాను. వేస్తే వేయనీ అనుకోలేకపోయాను. భయమే వేసింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

దగ్గరా దూరమా అని అడిగాడు. ఈసారి నిజం చెప్పాను. దూరం తీసుకుపోతే చస్తుంది, దగ్గర వదలాలి, ఎవరూ పోని చోటు నాకు తెలుసని ఇక చెప్పలేనని. వాడు ఆలోచించి పాత రాళ్ళ క్వారీ దిక్కు తిప్పమన్నాడు. మేకలోళ్ళు ఇద్దరు తప్ప అక్కడికి ఎవరూ రారని, వాళ్ళ పేర్లు చెప్పాడు.

బండలలో సంచి నేల మీద పెట్టి ముడి తనే విప్పుతానన్నాడు. కర్ర మీద ఒరిగి, ఎడంచేత్తో, కొక్కెంతో విప్పాడు. నాగు పడగ ఎత్తి ఇద్దరినీ చూసి బండల సందులోకి పోయింది. వాడు బండకు ఒరిగాడు. పట్టుకోబోతే వద్దన్నాడు.

తర్వాత తల్లికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టి ఫోన్ నా ముఖం ముందు పట్టాడు.

“నువ్వు చెప్పు.”

చెప్పాను. అవ్వా, నాగుపాము. పాత క్వారీల, పడమర దిక్కు పెద్ద బండ కింద వదిలినం. మేకలోళ్ళకు చెప్పాలె, అందరికి చెప్పాలె.

అటు నుంచి చాట కింద పెట్టిన చప్పుడు వినబడింది.

“ఐలయ్యా,” అన్నది రాములవ్వ, నాతో కాదు. “నిజమేనార?”

వాడు నన్ను చూశాడు. బండల సందు చూశాడు.

“నిజమే అవ్వా. నేను జూసిన.”

ఫోన్ జేబులో పెట్టుకుని, కర్ర ఊతంతో బండి దగ్గరికి నడిచాడు. నేను వెనకే పోయాను.